బోర్డు మీద మాట

1. సందులో దుకాణం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా బోర్డులే. కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, బట్టల దుకాణాల బోర్డులు. మెట్రో స్తంభాల పక్కన నడుస్తూ తల ఎత్తితే చాలు, అక్షరాలు కనబడతాయి. చదువు రానివాళ్లకు అవి రంగులు. చదువు వచ్చినవాళ్లకు అవి మాటలు.

ఆ పెద్ద రోడ్డు వెనుక ఒక సందు ఉంది. ఆ సందులో ఒక ఎలక్ట్రీషియన్ దుకాణం పెట్టబోతున్నాడు. పదిహేనేళ్లు ఇతరుల దగ్గర పని చేశాడు. గోడలకు గాడి కొట్టాడు. పైపులు వేశాడు. తీగలు లాగాడు. వైర్‌మ్యాన్ పర్మిటు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు సొంతంగా నిలబడాలని అతని ఆశ. అందుకే చిన్న మడిగె ఒకటి అద్దెకు తీసుకున్నాడు.

అతని భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు బడికి పోలేదు. నిరుడు మహిళా సంఘం వాళ్లు నడిపే రాత్రి చదువు కేంద్రానికి పోయింది. అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. దారిలో కనబడే ప్రతి బోర్డూ ఆమెకు ఒక పాఠమే.

ఒకరోజు సాయంత్రం పెయింటరు వచ్చాడు. బోర్డు మీద రాయాల్సిన మాటలు ఒక కాగితం మీద రాసి తెచ్చాడు.

"వదినా, అన్న చెప్పినట్టే రాసిన. జర చూడు," అన్నాడు.

ఆమె వేలు పెట్టి ఒక్కో మాట చదివింది.

"ప్రభుత్వ లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. అన్ని రకాల వైరింగు పనులు చేయబడును."

చదివి ఆగింది. భర్త వైపు చూసింది.

"ఏందయ్యా, నీ కాగితం మీద గిట్లనే ఉన్నదా?"

"ఉంటది తియ్యి. అన్నీ ఒక్కటే," అన్నాడు భర్త.

"ఒక్కటే అయితే చూస్తే ఏం పోతది?"

ఇనుప పెట్టెలో నుంచి కాగితం తీసింది. అది ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి చదివే కూతురి చేతికి ఇచ్చింది. కూతురు చదివి చెప్పింది.

"అమ్మా, దీని మీద వైర్‌మ్యాన్ పర్మిట్ అని ఉంది. కాంట్రాక్టర్ అని ఎక్కడా లేదు."

భర్తకు కోపం వచ్చింది.

"పదిహేనేండ్ల నుంచి చేస్తున్న ఈ పని. నా చేతి పనికి ఎవరన్న వంక పెట్టిండ్రా? పక్క సందులోళ్లు గట్లనే రాసుకున్నరు. బోర్డు చూస్తేనే గిరాకీ వస్తది."

అతని కోపానికి కారణం ఉంది. ఎల్.బి. నగర్‌లో ఒకాయన నాలుగు అంతస్తుల ఇల్లు కడుతున్నాడు. ఇంటి మొత్తం వైరింగు ఇస్తానన్నాడు. "నీకు కాంట్రాక్టరు లైసెన్సు ఉందా?" అని అడిగాడు. ఇతను "ఉంది" అన్నాడు. బయానా తీసుకున్నాడు. ఆ బయానా డబ్బులే మడిగె అడ్వాన్సుగా కట్టాడు.

ఈ సంగతి భార్యకు ఆ రాత్రి తెలిసింది. ఆమె గట్టిగా అరవలేదు. ఒక్క మాట అన్నది.

"నీ పెద్ద మేస్త్రిని అడుగుదాం. ఆయన అట్ల రాయమంటే నేను అడ్డు పడ."

2. మూడు కాగితాలు

తెల్లవారి ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్ స్టేషనులో మెట్రో ఎక్కారు. చైతన్యపురి దాటింది. విక్టోరియా మెమోరియల్ దాటింది. తరువాత ఎల్.బి. నగర్. అదే చివరి స్టేషను. 2018 సెప్టెంబరులో ఈ రైలు ఇక్కడి దాకా వచ్చింది. అంతకు ముందు ఈ దారి అంతా బస్సుల మీదే.

రింగు రోడ్డు దగ్గరి గల్లీలో పెద్ద మేస్త్రి దుకాణం ఉంది. అతను ఈయన దగ్గరే పని నేర్చుకున్నాడు. మేస్త్రికి కాంట్రాక్టరు లైసెన్సు ఉంది. ఆమె లోపలికి పోలేదు. ముందు బయట నిలబడి బోర్డు చదివింది. దుకాణం పేరు తెలుగులో ఉంది. దాని కింద ఇంగ్లీషు ఉంది. కింద లైసెన్సు నంబరు ఉంది. లోపలికి పోయి చూస్తే గోడకు అద్దం కట్టిన కాగితం ఉంది. దాని మీదా అదే నంబరు. అంకెలు ఒక్కొక్కటే సరిచూసుకుంది. ఒక్కటి కూడా తేడా లేదు.

మేస్త్రి చూసి నవ్వాడు.

"ఏం చెల్లె, తనిఖీకి వచ్చినవా?"

"నేర్చుకుంటందుకు వచ్చిన అన్నా," అన్నది.

వచ్చిన పని చెప్పారు. మేస్త్రి కుర్చీలు వేశాడు. చాయ్ తెప్పించాడు. తరువాత ఇలా వివరించాడు.

కరెంటు పనికి ప్రభుత్వం ఇచ్చే కాగితాలు మూడు రకాలు.

మొదటిది వైర్‌మ్యాన్ పర్మిటు. తన చేతులతో పని చేసే మనిషికి ఇది ఇస్తారు.

రెండోది సూపర్‌వైజరు సర్టిఫికెట్. పని సరిగా జరుగుతున్నదా లేదా అని దగ్గరుండి చూసే మనిషికి ఇది ఇస్తారు.

మూడోది కాంట్రాక్టరు లైసెన్సు. పని మొత్తం ఒప్పుకునే వారికి ఇది ఇస్తారు. పనికి పూచీ వారిదే.

తెలంగాణలో ఈ కాగితాలను విద్యుత్ లైసెన్సింగు బోర్డు ఇస్తుంది.

కొత్త వైరింగు వేయాలన్నా, ఉన్న వైరింగు పెంచాలన్నా, మార్చాలన్నా ఈ ముగ్గురూ ఉండాలి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు చూడాలి. పర్మిటు ఉన్న మనిషి పని చేయాలి. ఇది 1956 నాటి విద్యుత్ నియమాలలోనే ఉంది. ఆ తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో కొత్తవి తెచ్చింది. ఈ పద్ధతి మాత్రం మారలేదు.

"అయితే చిన్న చిన్న రిపేర్లకు కూడా లైసెన్సు కావాల్నా?" అని ఆమె అడిగింది.

"అక్కర లేదు చెల్లె. పాడైన బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి తీసి అటువంటిదే ఇంకొకటి పెట్టొచ్చు. లోడు పెరగొద్దు, వైరింగు మారొద్దు. అంతే."

అప్పుడు అతను నోరు విప్పాడు.

"అన్నా, మీ లైసెన్సు నంబరు నా బోర్డు మీద రాసుకోనా? నెలకు ఇంత అని మీకు ఇస్త."

మేస్త్రి చాయ్ కప్పు కింద పెట్టాడు.

"తమ్మీ, నువ్వు చేసే పని నేను చూడను. కానీ పేరు నాది ఉంటది. రేపు ఆ ఇంట్లో ఏమన్న అయితే పూచీ ఎవరిది? లైసెన్సు అద్దెకిచ్చే సైకిలు కాదు."

3. కనబడని తీగ

మేస్త్రి ఒక సంగతి చెప్పాడు. కొన్నేళ్ల కింద ఒక ఆడపిల్లల హాస్టలులో జరిగింది.

ఆ హాస్టలు మొదట మామూలు ఇల్లు. తరువాత గదులు పెంచారు. చలికాలంలో మూడు గీజర్లు పెట్టించారు. పెట్టినవాడు లెక్క చూడలేదు. లైట్లకు వేసిన పాత సన్న తీగకే మూడూ కలిపాడు. ఎర్తు తీగ అసలే కలపలేదు.

లెక్క ఇలా చేయాలి.

ఒక గీజరు 2000 వాట్లు. ఇంటి కరెంటు 230 వోల్టులు. 2000ను 230తో భాగిస్తే దాదాపు 9 వస్తుంది. అంటే ఒక గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మూడూ ఒకేసారి వేస్తే 26 ఆంపియర్లు. అంత కరెంటు సన్న తీగలో పోతే తీగ వేడెక్కుతుంది. పైన ఉండే ప్లాస్టిక్ కరుగుతుంది. నిప్పు పుడుతుంది. అందుకే ఒక్కో గీజరుకు విడిగా లావు తీగ వేయాలి.

ఎర్తు సంగతి వేరు. గీజరు లోపల ఎక్కడైనా తీగ ఒరుసుకుంటే పైన ఉన్న ఇనుప డబ్బాకు కరెంటు వస్తుంది. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే డబ్బా మీద కరెంటు కాచుకుని ఉంటుంది. ముట్టుకున్న మనిషి గుండా పోతుంది.

ఆ హాస్టలులో ఒక పిల్ల తడి చేత్తో నల్లా తిప్పింది. షాకు కొట్టి పడిపోయింది. పక్క గది పిల్ల ఉరికి మెయిను ఆపింది. ఆ పిల్ల బతికింది.

"ఆ పని చేసినవాని బోర్డు మీద కూడా లైసెన్సు అనే ఉన్నది," అన్నాడు మేస్త్రి. "నంబరు మాత్రం లేదు. హాస్టలు నడిపే ఆమె ఆ బోర్డును నమ్మింది. గోడ లోపలి తీగ ఆమెకు కనబడదు గదా. కనబడేది బోర్డే."

లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని అయ్యాక పరీక్ష చేస్తాడు. మెగ్గర్ అనే పరికరంతో తీగల నుంచి కరెంటు బయటికి కారుతుందేమో చూస్తాడు. ఎర్తు చూస్తాడు. కరెంటు కారితే వెంటనే ఆపే బ్రేకరు పని చేస్తుందో లేదో చూస్తాడు. ఇళ్లలో ఈ బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్లకే ఆపేది ఉండాలి. తరువాత రిపోర్టు మీద సంతకం పెడతాడు.

భార్యాభర్తలు తిరిగి వచ్చేటప్పుడు రైలులో ఏమీ మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు అతనే అన్నాడు.

"మన బిడ్డ కూడా రేపు హాస్టల్ల ఉండొచ్చు."

4. బోర్డు మీద ఏం ఉండాలి?

కరెంటు పని దుకాణం పెట్టేవాళ్లు ఈ సంగతులు తెలుసుకోవాలి.

తెలుగు: దుకాణాలు, సంస్థల చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చింది. దాని నియమాలు 1990లో వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడా అదే చట్టం కొనసాగింది. ఆ నియమాల ప్రకారం పేరు బోర్డు తెలుగులో ఉండాలి. వేరే భాషలు కూడా రాసుకోవచ్చు. అవి తెలుగు కింద ఉండాలి.

నమోదు: దుకాణం తెరిచాక 30 రోజుల లోపల కార్మిక శాఖలో నమోదుకు దరఖాస్తు పెట్టాలని ఆ చట్టం చెబుతుంది. వచ్చిన సర్టిఫికెట్ అందరికీ కనబడేటట్టు గోడకు పెట్టాలి.

ట్రేడ్ లైసెన్సు: ఇది మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చేది. ఇది దుకాణం నడుపుకోవడానికి అనుమతి. కరెంటు పని చేయడానికి అనుమతి కాదు. ఈ రెండూ వేరు వేరు. ట్రేడ్ లైసెన్సు చూపించి "నాకు లైసెన్సు ఉంది, వైరింగు చేస్తా" అనడం తప్పు.

పని లైసెన్సు: కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నవారే బోర్డు మీద కాంట్రాక్టర్ అని రాసుకోవాలి. నంబరు కూడా రాస్తే మంచిది. చూసేవాళ్లు సరిచూసుకుంటారు. లైసెన్సు గడువు తీరితే రెన్యూవల్ చేయించాలి.

జి.ఎస్.టి.: ఈ పన్ను 2017 జూలై 1 నుంచి వచ్చింది. ఇందులో నమోదైన వ్యాపారి తన నంబరును వాకిలి దగ్గరి పేరు బోర్డు మీద రాయాలి. ఆ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది. నమోదు కానివాళ్లు బిల్లు మీద జి.ఎస్.టి. వేసి డబ్బు తీసుకోకూడదు.

చోటు: రోడ్డు మీదికి, ఫుట్‌పాత్ మీదికి బోర్డు రాకూడదు. హైదరాబాదులో నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటన బోర్డులు పెట్టకూడదని 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అందుకే పెద్ద బోర్డు చేయించే ముందు కార్పొరేషన్ ఆఫీసులో అడగాలి.

గోడలు, స్తంభాలు: అనుమతి లేకుండా గోడల మీద, స్తంభాల మీద కాగితాలు అంటించకుండా 1997లో ఒక చట్టం వచ్చింది. కరెంటు స్తంభానికి బోర్డు కట్టడం ఇంకా ప్రమాదం. స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్‌కు అది అడ్డం. బోర్డు కట్టేవానికే షాకు కొట్టవచ్చు.

లైటు బోర్డు: లోపల లైట్లు వెలిగే బోర్డు అయితే ఇనుప చట్రానికి ఎర్తు కలపాలి. వానలో తడిసినా షాకు కొట్టకూడదు.

అపాయం బోర్డు: 250 వోల్టులు దాటిన చోట పుర్రె, ఎముకల గుర్తుతో అపాయం బోర్డు పెట్టాలి. దాని మీద ఆ ప్రాంతపు భాష కూడా ఉండాలి. మూడు ఫేజులు వచ్చే మోటారు గదుల దగ్గర ఈ బోర్డు కనబడుతుంది. ఇది కూడా చదవాల్సిన బోర్డే.

5. పోయిన పని

మరునాడు అతను నాలుగు అంతస్తుల ఇంటాయన దగ్గరికి పోయాడు. ఉన్న సంగతి చెప్పాడు.

"సార్, నాకు ఉన్నది పర్మిటే. కాంట్రాక్టరు లైసెన్సు లేదు. ఆనాడు ఉన్నదని చెప్పిన. తప్పయింది."

ఇంటాయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత బయానా తిరిగి ఇమ్మన్నాడు. పని వేరే కాంట్రాక్టరుకు ఇచ్చాడు.

బయానా డబ్బు మడిగెలో పడి ఉంది. భార్య మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. అప్పు కాగితం ఆమే చదివింది. వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి అని అడిగి తెలుసుకుంది. తరువాత వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది. బయానా తిరిగి ఇచ్చేశారు.

ఆ నెల ఇల్లు గడవడం కష్టమైంది. ఆమె రాత్రి పది దాకా మిషను తొక్కింది. అతను మేస్త్రి దగ్గర రోజు కూలికి పోయాడు. పర్మిటు ఉంది కాబట్టి మేస్త్రి కింద వైరింగు పని చేశాడు. సాయంత్రం దుకాణం తెరిచాడు.

పెయింటరు మళ్లీ వచ్చాడు. ఈసారి మాటలు ఆమె చెప్పింది. పెయింటరు రాశాడు.

"ఫ్యాన్లు, లైట్లు, స్విచ్చులు రిపేరు చేయబడును. వైర్‌మ్యాన్ పర్మిటు కలదు."

దాని కింద పర్మిటు నంబరు రాశాడు. ఆమె కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసింది. పెయింటరు ఒకచోట 6కు బదులు 9 వేశాడు. ఆమె దిద్దించింది.

"మంచిగ పట్టినవ్ వదినా," అన్నాడు పెయింటరు.

బోర్డు చిన్నది. పక్క సందులోని బోర్డంత మెరవదు. మొదటి వారం ఇద్దరే వచ్చారు. తరువాత ఒకరోజు ఒక హాస్టలు నడిపే ఆమె వచ్చింది. బోర్డు చదివింది. లోపలికి వచ్చి కాగితం చూపించమంది. చూసింది.

"మా హాస్టల్ల నాలుగు గీజర్లు పెట్టాలె. చేస్తవా తమ్మీ?"

అతను ఒక్క క్షణం ఆగాడు. భార్య మిషను ఆపి అతని వైపు చూసింది.

"అది కొత్త వైరింగు అక్కా. నేనొక్కన్నే చేయొద్దు. లైసెన్సు ఉన్న మా పెద్ద మేస్త్రిని తోలుకొస్త. ఆయన చూసి లెక్క కడతడు. నేను ఆయన కింద పని చేస్త."

ఆమె సరే అన్నది. మేస్త్రి ఫోను నంబరు రాసుకుని పోయింది.

ఇప్పుడు అతను సూపర్‌వైజరు సర్టిఫికెట్ కోసం చదువుతున్నాడు. రాత్రి భోజనం అయ్యాక తండ్రి, తల్లి, కూతురు ముగ్గురూ ఒకే లైటు కింద కూర్చుంటారు. ముగ్గురి ముందూ పుస్తకాలు ఉంటాయి.

గుర్తుంచుకోండి

బోర్డు మీద రాసిన మాట, కాగితం మీద ఉన్న మాట ఒకటే కావాలి.

లైసెన్సు అని చదివితే చాలదు. ఏ లైసెన్సు, ఎవరి పేరు మీద, ఏ నంబరు, ఎప్పటి దాకా అని అడగాలి.

అడగడం అవమానం కాదు. చూపించడం చిన్నతనం కాదు.

కొత్త మాటలు

పర్మిటు: పని చేయడానికి అనుమతి కాగితం.
పూచీ: బాధ్యత.
బయానా: పని ఒప్పుకున్నప్పుడు ముందుగా ఇచ్చే డబ్బు.
ఎర్తు: కారిన కరెంటును భూమిలోకి పంపే తీగ.
గడువు: కాగితం చెల్లే చివరి రోజు.

జవాబు చెప్పండి

1. కరెంటు పనికి ఇచ్చే మూడు కాగితాలు ఏవి?
2. లైసెన్సు లేకుండా ఏ చిన్న పనులు చేయవచ్చు?
3. ట్రేడ్ లైసెన్సుకు, కాంట్రాక్టరు లైసెన్సుకు తేడా ఏమిటి?
4. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద దాదాపు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? లెక్క చేయండి.
5. అతను ఇంటాయనకు నిజం చెప్పకపోతే ఏం జరిగేది? నలుగురూ కూర్చుని మాట్లాడండి.

చేయండి

మీ వీధిలో ఐదు బోర్డులు చదవండి. తెలుగు పైన ఉందా? నంబరు ఏమైనా ఉందా? నోటు పుస్తకంలో రాసుకుని చదువు కేంద్రానికి తీసుకురండి.